తలకా, కూరకా?

మొన్న సాలూరు బజారులో కొబ్బరినూనె కావాలని అడిగితే, కొట్టాయన తలెత్తి చూడకుండానే "తలకా అమ్మా, కూరకా?" అన్నాడు. మా చిన్నప్పుడు ఎవరైనా ఆ ప్రశ్న వేసి ఉంటే ఎగాదిగా చూసి పక్క కొట్టుకి పోయేవాళ్ళం. కొబ్బరినూనె తలకి కాకపోతే ఇంకెందుకు? ఇప్పుడు గాజు సీసాల్లో వస్తోంది, వంటకి వేరు, వంటికి వేరు. ధర చూస్తే వాడుకోవడం కంటే దేవుడి గదిలో పెట్టుకోవడం మేలనిపిస్తుంది. నా వెనకాల నిలబడ్డావిడ "బేగి సెప్పమ్మా, నాకు బస్సెల్లిపోతాది" అని గోల పెడితే, "రెండూ ఇవ్వండి" అనేసి సంచీలో వేసుకుని వచ్చేశాను. ఇంటికొచ్చే దారంతా అదే ప్రశ్న బుర్రలో తిరిగింది. ఒకావిడకి ఒక చలికాలంలో సరిగ్గా ఈ ప్రశ్నే ఎదురైంది. ఆవిడ ఏ జవాబు చెప్పిందో ఆ రోజుల్లో నాకు తెలియలేదు. తెలియకపోవడమే కాదు, తెలిసినట్టు కూడా అనుకున్నాను.

తొంభైల్లో మా నాన్నగారు అరకు దాటి ఇంకా లోపలికి వెళితే వచ్చే ఒక ఆశ్రమ పాఠశాలలో లెక్కల మాస్టారు. బడి ఆవరణలోనే క్వార్టర్సు. రెండు గదులు, పైన రేకులు, వెనక ఒక వంటపాక. కిటికీ తెరిస్తే కొండవాలు నిండా పసుప్పచ్చగా వలిసెపూలు. ఇప్పుడు వాటిలో నిలబడి ఫొటోలు దిగడానికి ఊళ్ళ నుంచి కార్లేసుకుని వస్తున్నారు గానీ, మాకు అది వట్టి పక్కింటివాళ్ళ నూనెగింజల పొలం. డిసెంబరు వచ్చిందంటే పొద్దున్న పది దాకా ఎదురుగా ఉన్న బడి గంట కనిపించేది కాదు, వినిపించేది. కొబ్బరినూనె సీసాలో తెల్లగా గడ్డకట్టుకుపోయేది. ఆదివారం పూట అమ్మ దాన్ని చీపురుపుల్లతో గెలికి తీసి, అరచేతుల మధ్య రుద్ది కరగదీసి, నన్ను మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని తలకి పట్టించేది. చిక్కు తీసేటప్పుడు నేను అరిచేదాన్ని, ఆవిడ నా నెత్తిన ఒక మొట్టికాయ వేసేది, మళ్ళీ రాసేది. వారంలో ఆ ఒక్క గంటా అమ్మ పొయ్యికీ, నాన్నకీ, బడి పిల్లల కాగితాలకీ చెందకుండా పూర్తిగా నాది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత దీంతో పనుంది.

మా బడి గేటు దాటగానే మిషనువాళ్ళ చిన్న ఆసుపత్రి ఉండేది. అందులో నర్సమ్మ కేరళ నుంచి వచ్చినావిడ. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని మా అమ్మమ్మ అడిగితే, "టైం దొరకలేదు అమ్మమ్మా" అని చెప్పిందట. తెలుగు బాగానే మాట్లాడేది గానీ, ఎంత చిన్న మాటనైనా నెమ్మదిగా, దీర్ఘాలు తీసి, జోలపాడినట్టు మాట్లాడేది. నన్ను మాత్రం తన భాషలో "మోళే" అని పిలిచేది. అంటే అమ్మాయీ అని. ఆవిడకి ఉన్న ఒకే ఒక్క చెడ్డ అలవాటు, మా వాళ్ళ లెక్క ప్రకారం, కొబ్బరినూనెతో కూరలు వండుకోవడం. ఏడాదికోసారి మే నెలలో సెలవు పెట్టి ఊరెళ్ళి, వాళ్ళ పెరటి కాయలు ఎండబెట్టి ఆడించిన నూనె ఒక రేకుడబ్బా నిండా తెచ్చుకునేది. ఆ డబ్బా రెండు రోజులు రైళ్ళు మారి విశాఖపట్నం చేరి, అక్కణ్ణుంచి మా కొండరైలెక్కి, బొర్రా సొరంగాలన్నీ దాటి, ఆవిడ కాళ్ళ దగ్గరే కూర్చుని వచ్చేది. మళ్ళీ మే దాకా అదే నూనె. రోజుకింతని కొలిచి వాడేది. ఆవిడ అరటికాయ కూర వండితే వాసన మా వంటపాక దాకా కొట్టేది. కూర దించే ముందు పచ్చినూనె ఒక చెంచా పైన తిప్పి పోసి టక్కున మూత పెట్టేసేది. "ఇప్పుడు తీయకూడదు" అనేది. ఆ మూత తీసే క్షణం కోసం నేను గడప మీద కూర్చుని ఎదురుచూసేదాన్ని. అమ్మ మాత్రం "తలనూనె కూర తిని వచ్చావా?" అని నన్ను గుమ్మంలోనే నిలబెట్టి నోరు పుక్కిలించమనేది.

ఇక అసలు సంగతి. నాకు పదేళ్ళప్పుడు, ఆ చలికాలంలోనే, అమ్మకి ఎనిమిదో నెలలో నొప్పులొచ్చేశాయి. నర్సమ్మ చేతుల మీదే తమ్ముడు పుట్టాడు. నాన్నగారి రెండు అరచేతుల్లో ఇంకా చోటు మిగిలేంత ఉన్నాడు. ఏడవడానికి కూడా ఓపిక లేక మూలిగేవాడు. కబురందుకుని సాలూరు నుంచి అమ్మమ్మ దిగింది. దిగీ దిగగానే గుడ్డ తొలగించి చూసి, "ఏడో నెల బిడ్డైతే నిలుత్తాడు గానీ ఎనిమిదో నెల బిడ్డ నిలవడంతారే" అని గుమ్మం దగ్గర కూలబడింది. అమ్మ గోడవైపు తిరిగిపోయింది. నర్సమ్మ ముందుకొచ్చింది. బిడ్డని తీసి అమ్మ గుండెల మీద, రవిక లోపల, చర్మానికి చర్మం ఆనేలా పడుకోబెట్టి పైన శాలువా కట్టింది. "ఇలాగే ఉంచాలి. రోజుకు మూడు సార్లు నూనె మెత్తగా రాయాలి. సంతరోజు సంతరోజు నేను తూస్తాను. బరువు పెరిగితే ఇక్కడే. తగ్గితే మాత్రం జీపులో విశాఖపట్నం పెద్దాసుపత్రి" అంది. ఆ చలిలో ఘాట్‌రోడ్డు మలుపులన్నీ దిగి, అంత పిట్టని అంత దూరం తీసుకెళ్ళడం అంటే ఏమిటో ఎవరూ పైకి అనలేదు. ఆ జీపు పేరెత్తితే చాలు, అమ్మ బిడ్డని ఇంకా దగ్గరికి అదుముకునేది.

రాయాల్సిన నూనె దగ్గర పెద్ద పేచీ వచ్చింది. అమ్మమ్మ మూటలో ఆముదం సీసా తెచ్చుకుంది. తన ఆరుగురు పిల్లలూ ఆముదంతోనే పెరిగారని ఆవిడ వాదన. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. మా ఇంట్లో అంట్లు తోమడానికి వచ్చే కొండ ముసలమ్మ ఉండేది, ఆమెని నేను వలిసెల అవ్వ అనేదాన్ని. ఆవిడ తన గుడిసెలోంచి వలిసెనూనె బుడ్డి పట్టుకొచ్చి, "మా బిడ్డలకి ఇదే తల్లీ, సలి దరికి రాదు" అంది. నర్సమ్మ, బజారు నూనెలో సెంటు కలుపుతారని చెప్పి తన డబ్బాలోంచి తీసిన కొబ్బరినూనె ఒక దగ్గుమందు సీసాలో పోసి ఇచ్చింది. చివరికి ఆ పిట్టంత బిడ్డ ఒంటిని భూమి పంచుకున్నట్టు పంచుకున్నారు. మాడు అమ్మమ్మ ఆముదానికి, అరికాళ్ళు అవ్వ వలిసెనూనెకి, మధ్యలో ఉన్నదంతా కొబ్బరినూనెకి. ఇప్పుడు మా తమ్ముడికి బట్టతల. సరిగ్గా అమ్మమ్మ ఆముదం రాసినంత మేరే ఊడింది.

కొబ్బరినూనెతో చిక్కేమిటంటే అది గడ్డ. మొదటిరోజు అమ్మమ్మ దాన్ని గరిటెలో వేసి తిన్నగా పొయ్యి మీద పెట్టింది, పొగలు వచ్చాయి, నర్సమ్మ మొదటిసారి గొంతు పెంచింది. వేడినీళ్ళ గిన్నెలో సీసా పెట్టచ్చు, కానీ రోజుకి మూడుసార్లు ఆ తడికట్టెలు రాజేసేసరికి అందరి కళ్ళూ పోయేవి. అప్పుడు వలిసెల అవ్వ నన్ను చూపించి, "పొయ్యెందుకు బాబూ? ఈ గుంట ఒంటికి కట్టండి. వేడి ఊరికే పోతంది" అంది. అలా నాకు జీవితంలో మొదటి ఉద్యోగం వచ్చింది. అమ్మ పాత చీర అంచుతో కుట్టిన చిన్న సంచీలో ఆ సీసా పెట్టి, స్వెట్టరు లోపల నా పొట్టకి కట్టేవారు. బడికి దాంతోనే వెళ్ళేదాన్ని, ఎక్కాలు దాంతోనే అప్పజెప్పేదాన్ని. మధ్యాహ్నం గంట కొట్టగానే పరిగెత్తుకొచ్చి, ఇంకా నా ఒంటి వెచ్చదనం ఉన్న సీసాని అమ్మ చేతిలో పెట్టేదాన్ని. అమ్మ మూత తీసి, నీళ్ళలా కారే నూనె చూసి, నా వైపు చూసి నవ్వేది. తమ్ముడు బతకడంలో సగం నా పొట్ట గొప్పేనని నాకు గట్టి నమ్మకం ఉండేది. కొత్త ఉద్యోగం కదా, గర్వం కూడా కొత్తదే.

అయితే ఆ నవ్వు తప్ప అమ్మ దగ్గర నాకు ఇంకేమీ మిగల్లేదు. తమ్ముడు పుట్టాక నా తలని ఎవరూ పట్టించుకోలేదు. అమ్మ గుండెల మీద బిడ్డ, అమ్మమ్మకి పథ్యం వంట. నాన్నగారు ఒకరోజు జడ వేయబోయి లెక్క తేలక వదిలేశారు. జుట్టు అట్టలు కట్టింది, పేలు పడ్డాయి. క్లాసులో వెనక కూర్చునే పిల్ల ముక్కు మూసుకుని బెంచీ మారింది. ఒక ఆదివారం ఎండలో, వంటపాక వెనక, నా పొట్టకి కట్టిన సీసా తీసి చేతిలో పట్టుకుని కూర్చున్నాను. అది వెచ్చగా ఉంది. వాసన ఆదివారాల వాసన. ముందు ఒక్క చుక్క అనుకున్నాను. తర్వాత ఇంకో చుక్క. ఆ తర్వాత సంగతి నాకు సరిగ్గా గుర్తులేదు గానీ, సీసా మొత్తం నా తల మీద ఉంది, చెవుల పక్కనుంచి కారుతోంది, నేను ఏడుస్తున్నాను. తమ్ముడంటే కోపమే నాకు. ఆ పూట వాణ్ణి జీపెక్కించేసి అమ్మని నాకిచ్చేస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

ఏడుపు ఆగాక భయం మొదలైంది. వంటపాకలోకి దూరి, కూరలకి వాడే వేరుశనగనూనె ఆ సీసాలోకి ఒంపాను. తలకి గుడ్డ చుట్టుకుని చలి అన్నాను. ఆ వారమంతా నా ఉద్యోగం ఎంతో సులువుగా సాగింది. సీసా బల్ల మీద మర్చిపోయినా, కిటికీలో పెట్టినా నూనె గడ్డ కట్టడం లేదు! అమ్మమ్మ సీసాని వెలుతురుకి ఎత్తి చూసి, "నా మనవరాలి ఒంట్లో నిప్పుందే! సూడు, కిటికీలో ఎట్టినా కరిగే ఉంది" అని అందరికీ చెప్పుకుంది. నేను కూడా అది నా మహిమేనని ఒకటి రెండు రోజులు నిజంగానే నమ్మాను. గడ్డకట్టడం కొబ్బరినూనె గుణమనీ, వేరుశనగనూనెకి ఆ పట్టింపు లేదనీ లెక్కల మాస్టారి కూతురికి తట్టలేదు.

సంతరోజు వచ్చింది. ఆసుపత్రిలో చలి మా ఇంటికంటే ఎక్కువ. నర్సమ్మ తమ్ముణ్ణి త్రాసులో పడుకోబెట్టింది. ముల్లు కిందటి వారం ఆగినచోటికి రాలేదు. ఒక గీత వెనకే ఆగింది. అమ్మ చీరకొంగు నోట్లో కుక్కుకుంది. "ఏటయింది నర్సమ్మా? పెరగనేదా?" అని అమ్మమ్మ అడుగుతోంది. నర్సమ్మ మళ్ళీ తూచింది. తర్వాత నూనె కొత్తగా పోయించుకోవడానికి మేము తెచ్చి కిటికీ దగ్గర పెట్టిన సీసా చేతిలోకి తీసుకుంది. దాన్ని ఒకసారి అటు వంచింది, ఒకసారి ఇటు వంచింది. పక్కనే బల్ల మీద ఆవిడ సొంత సీసాలో నూనె తెల్లగా బిగుసుకుని ఉంది. మూత తీసి వాసన చూసింది. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చేతులు వాటంతటవే తలగుడ్డ మీదకి వెళ్ళాయి. ఆవిడ నన్ను చూసింది. కానీ అమ్మతో మాత్రం, "బాబుకి జలుబు చేసింది, ముక్కు పట్టి పాలు తాగలేదు. వచ్చే సంత దాకా చూద్దాం. అప్పటికీ పెరగకపోతే జీపు చెప్తాను" అంది. నా వైపు తిరిగి, "మోళే, నూనె అయిపోయింది. సాయంత్రం బడి వదిలాక ఇంటికి రా, ఇస్తాను" అంది.

ఆ సాయంత్రం గేటు దాటి ఆవిడ ఇంటికి వెళ్ళడానికి పట్టిన సమయంలో నేను విశాఖపట్నం నడిచి వెళ్ళి రాగలిగేదాన్ని. తమ్ముడు చచ్చిపోతాడు, నేనే చంపాను, ఇక అమ్మ నా మొహం చూడదు. గడప దగ్గర నిలబడి ఇదంతా ఒకేసారి చెప్పేద్దామని నోరు తెరిస్తే వెక్కిళ్ళు తప్ప ఏమీ రాలేదు. నర్సమ్మ నా తలగుడ్డ విప్పింది. వారంరోజుల నూనె, దుమ్ము, పేలు. తిట్టలేదు. పీట వేసి నన్ను తన మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుంది. లోపలికి వెళ్ళి రేకుడబ్బా తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది. గరిటెతో అడుగు గీకుతున్న చప్పుడు నా వీపు వెనక వినిపించింది. అరచేతుల్లో కరగదీసి తలకి పట్టించడం మొదలుపెట్టింది. చిక్కుతీస్తుంటే నేను అరవలేదు. అరిచే హక్కు పోయిందనుకున్నాను.

"బేబీ నూనె తాగి పెరగడు మోళే. పాలు తాగి పెరుగుతాడు. జలుబు నీవల్ల రాలేదు" అంది.

"నేను వాణ్ణి జీపెక్కించేయాలనుకున్నాను" అన్నాను.

ఆవిడ దువ్వెన ఆగింది. మళ్ళీ కదిలింది. "నాకూ ఒక చెల్లి పుట్టినప్పుడు ఇలాగే అనుకున్నాను. బేబీకి నూనె ఇచ్చాను, బేబీ అక్కకి ఇవ్వలేదు. అది నాది తప్పు" అంది.

రెండు జడలు వేసి, రెండు సీసాలు చేతికిచ్చింది. ఒకటి తమ్ముడికి, ఒకటి నాకు. ఆదివారం ఆదివారం తలకి రాయించుకోవడానికి రమ్మంది. ఈ సంగతి అమ్మకి ఆవిడా చెప్పలేదు, నేనూ చెప్పలేదు. మరుసటి సంతకి ముల్లు ఒక గీత ముందుకొచ్చింది, పై సంతకి రెండు. ఆ పైవారం తమ్ముడు త్రాసులో పడుకుని ఆసుపత్రి కప్పు ఎగిరిపోయేలా ఏడ్చాడు. అమ్మమ్మ అప్పుడు గానీ వాడికి పేరు పెట్టడానికి ఒప్పుకోలేదు. ఆ తర్వాత జీపు మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఆ ఏడాది మిగతా నెలలు ఆదివారాలు నేను నర్సమ్మ గడప మీదే గడిపాను. తల అయ్యాక ఆవిడ అన్నం పెట్టేది. ఒక మార్పు మాత్రం కనిపెట్టాను. ఆవిడ కూరలు మా కూరల్లాగే అయిపోయాయి. వేరుశనగనూనె తాలింపు, మామూలు వాసన. దించే ముందు చెంచా లేదు, టక్కున మూత లేదు. ఒకసారి పథ్యం కూర ఎలా వండాలో చెప్పడానికి వచ్చిన అమ్మమ్మ, ఆవిడ వండిన అరటికాయ రుచి చూసి, "ఇన్నాళ్ళకి నర్సమ్మకి వంట వొచ్చిందే!" అని ఊరంతా చాటింది. నర్సమ్మ నవ్వి, "మీరే నేర్పారు కదా అమ్మమ్మా" అంది. నేను కూడా అదే అనుకున్నాను. మా దగ్గర ఇన్నేళ్ళుంటే మా వంట రాదా అని కొంచెం గొప్పగా కూడా అనుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటాక ఆవిడ రిటైరై వాళ్ళ ఊరు వెళ్ళిపోయింది. వెళ్ళే రోజు వలిసెల అవ్వ ఒక సీసా నిండా వలిసెనూనె తెచ్చి, "అక్కడ మీకు దొరకదు తల్లీ" అని ఇచ్చింది. కొబ్బరిచెట్ల దేశానికి ఆ సీసా నర్సమ్మ ఒళ్ళో కూర్చుని రైలెక్కింది. కొన్నేళ్ళు క్రిస్మసుకి కార్డులొచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. నేను చదువులో, పెళ్ళిలో, ఉద్యోగంలో పడి ఆగిపోయిన సంగతి కూడా చాలా ఆలస్యంగా గమనించాను. ఆ సిగ్గు నాకుంది.

మొన్న సీసాలు తెచ్చిన మర్నాడు తమ్ముడు భోజనానికి వచ్చాడు. అరటికాయ కూర వండాను. దించే ముందు ఒక చెంచా కొబ్బరినూనె తిప్పి పోసి మూత పెట్టాను. చెంచా ఇంకా చేతిలోనే ఉంది, ఆనాడు నా వీపు వెనక డబ్బా అడుగున గరిటె గీకిన చప్పుడు మళ్ళీ వినిపించింది. అప్పటికి జనవరి. ఆవిడ మళ్ళీ ఊరెళ్ళేది మే నెలలో. వారానికి రెండు సీసాలు, ఆ గీకిన డబ్బాలోంచే. ఇంత చిన్న లెక్క నాకు అప్పుడే రావాల్సింది. ఆవిడకి మా వంట రాలేదు, తన వంట మానేసింది. ఇంటికి అంత దూరంలో, ఇంటిది అంటూ ఉన్న ఆ ఒక్క రుచినీ పక్కింటి పిల్లల తలకీ ఒంటికీ రాసేసి, మా అమ్మమ్మ మెచ్చుకుంటే నవ్వి ఊరుకుంది.

తమ్ముడు మొదటి ముద్ద పెట్టుకుని, "ఏటప్పా, కూరలో తలనూనె పోసేసావా?" అన్నాడు. అప్పుడు వాడికి అంతా చెప్పాను. ఆ ఆదివారం వంటపాక వెనక ఏం చేశానో, ఏం అనుకున్నానో, అన్నీ. వాడు తన బట్టతల తడుముకుంటూ విన్నాడు. కంచం ముందుకి జరిపి, "ఇంకొంచెం ఎయ్యి" అన్నాడు. మూత తీశాను. ఆ వాసన గది నిండా లేచింది. నర్సమ్మ ఆ ఏడాది తినకుండా వదిలేసిన కూర రుచి విలువెంతో తెలియడానికి, తలకి రాయించుకుని తిరిగిన నాకు ముప్పై ఏళ్ళు పట్టింది.